ప్రేమ పెళ్లికి కిరాయి అర్ర

చిల్కానగర్‌లో కిరాయి ఇల్లు వెతుక్కునే కొత్త జంటను ఓనర్లు రెండు సంగతులు అడుగుతరు. ఒకటి, "మీరేమోళ్లు?" రెండోది, "మీ పెద్దోళ్లు వస్తుంటరా?" రెండోదానికి జవాబు తడబడితే మొదటిదానికి జవాబు దొరికినట్టే.

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో పనికని జిల్లాల నుంచి వచ్చినోళ్లు బతికే చోటు ఇది. ఊర్లో పెళ్లి సాధ్యం కాని దళిత పిల్లలకు ఇట్లాంటి బస్తీలే దిక్కు. వాళ్లకు ముందు కావలసింది ఒక అర్ర. చట్టం కూడా అదే అడుగుతుంది.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇవ్వాలంటే ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనబడేటట్టు అంటిస్తారు. శాశ్వత నివాసం వేరే జిల్లాలో ఉంటే అక్కడి వివాహాధికారికి కూడా ఒక ప్రతి పోతుంది, అక్కడా అంటిస్తారు. ఏ ఊరికి భయపడి వచ్చారో ఆ జిల్లాకే కబురన్నమాట! అభ్యంతరాలకు మరో 30 రోజుల గడువు. కులం వేరన్నది చట్టం ఒప్పుకునే అభ్యంతరం కాదు. కాని అభ్యంతరమున్నోళ్లు ఆఫీసుకే రావాలని ఏముంది? నోటీసు ప్రచురించాలా వద్దా అన్నది జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు అన్నది. చట్టంలో ఆ సెక్షన్లు మాత్రం అట్లనే ఉన్నాయి.

అందుకే చాలామంది ఆర్యసమాజ్‌కు పోతారు. అంబేద్కర్ పటం ముందు పెళ్లాడాలనుకున్న పిల్లలు హోమం ముందు కూర్చుంటారు. ప్రణయ్ పెళ్లి 2018 జనవరిలో, నాగరాజు పెళ్లి 2022 జనవరిలో అట్లనే జరిగాయి. ప్రణయ్‌ను అదే ఏడు సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో చంపారు. నాగరాజును 2022 మే 4న, ఉప్పల్‌కు పెద్ద దూరం లేని సరూర్‌నగర్‌లో, నడిరోడ్డు మీద చంపారు. ప్రణయ్ కేసులో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అది 2025 మార్చి 10న.

ఉద్యోగం, కట్నం, జాతకం చూసి చేసే పెళ్లికి ఎవరూ కత్తి పట్టరు. అవన్నీ కులం గీసిన గీత లోపలి లెక్కలే. ఆ గీతను ఖాతరు చేయని కారణం ప్రేమ ఒక్కటే. కులానికి ఆయువుపట్టు లోపలి పెళ్లి అని అంబేద్కర్ 1916లోనే తేల్చాడు.

మన ఉద్యమాలు దీన్ని చాలాకాలం 'ఆదర్శ వివాహం' అన్నాయి. దళితులను చేసుకోవడం త్యాగమనే వాసన ఆ మాటలో ఉంది. సర్కారు 'ప్రోత్సాహకం' అన్నదాంట్లోనూ ఉంది. 2019లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 2.5 లక్షలకు పెంచింది. మంచిదే. కాని ఆ డబ్బు పెళ్లి సర్టిఫికెట్ తర్వాతి ముచ్చట. పెళ్లికి ముందు నెల కిరాయి ఎవరిస్తరు?

2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చూపింది. ఇట్లాంటి జంటల కోసం ప్రతి జిల్లా కేంద్రంలో రక్షణ గృహం పెట్టే సంగతి రాష్ట్రాలు ఆలోచించాలన్నది. నామమాత్రపు ఖర్చుతో మొదట నెలరోజులు, అవసరాన్ని బట్టి ఏడాది దాకా ఉండనివ్వాలన్నది. చిల్కానగర్ ఉన్న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఆ గృహం ఎక్కడుందని మన సంఘాలు కలెక్టర్‌కు రాతపూర్వకంగా అడగవచ్చు.