మీకు తెలుసా? మబ్బుల వెనక గెలాక్సీలు
యానాం, పుదుచ్చేరి రెండూ 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలోనే ఉన్నాయి. 1769లో శుక్రుడు సూర్యబింబం మీదుగా సాగడం చూడాలని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లె జాంటీ పుదుచ్చేరిలో కాచుకుని కూర్చున్నాడు. సరిగ్గా ఆ వేళకే మబ్బు కమ్మేసింది! ఈ కథే అందరూ చెప్పుకుంటారు. అంతకన్నా గొప్పది, 1749లో ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఆయన కనిపెట్టిన మసక మచ్చ. అదే ఎం32, ఓ బుల్లి గెలాక్సీ. ఆండ్రోమెడా, మన పాలపుంత, ఇలాంటి చిన్న గెలాక్సీలు డజన్లకొద్దీ కలిసి ఒకే గుంపు.

1781లో మరో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెసియే, కన్యారాశి దిక్కున ఇలాంటి మచ్చలు ఎక్కువగా గుమిగూడాయని గమనించాడు. అక్కడున్నవి వెయ్యికి పైగా గెలాక్సీలు, 5 కోట్ల కాంతి సంవత్సరాలకు అవతల. ఏప్రిల్, మే రాత్రుల్లో యానాం గోదావరి గట్టున నిలబడితే ఆ గుంపు దాదాపు నడినెత్తినే ఉంటుంది. చిన్న టెలిస్కోపు, మంచి చీకటి ఉంటే కొన్ని దొరుకుతాయి.

గెలాక్సీలు గుంపులెందుకు కట్టాయి? విశ్వం తొలినాళ్లలో పదార్థం దాదాపు సమానంగా పరుచుకుని ఉండేది. కాస్త చిక్కగా ఉన్నచోటికి గురుత్వాకర్షణ చుట్టుపక్కల పదార్థాన్ని లాగుతూ పోయింది. కంటికి కనిపించని చీకటి పదార్థం ఆ లాగుడికి బలమిచ్చింది.

2017లో పుణె శాస్త్రజ్ఞులు ప్రకటించిన ‘సరస్వతి’ గుంపులకే గుంపు: పొడవు సుమారు 60 కోట్ల కాంతి సంవత్సరాలు. దాని వెలుగు మనల్ని చేరడానికి అంతకాలం పట్టింది కాబట్టి, మనకు కనిపిస్తున్నది 400 కోట్ల ఏళ్ల నాటి రూపం. అప్పటికే అంత పెద్దదిగా ఎదిగింది!