'గాదర్' క్రియార్థ విచారము

ఆంగ్లమునందలి 'గాదర్' అను క్రియ మన విద్యార్థులకు మిక్కిలి పరిచితమైనది. అనువాదములందు దానికి ప్రతిగా 'సేకరించు' అను పదమునే వారు సర్వత్ర వాడుట కానవచ్చుచున్నది. ఇది ఎంతవరకు యుక్తమో ఇచట సంగ్రహముగా విచారింతుము.

ఈ క్రియకు మూలము ప్రాచీనాంగ్లమునందలి 'గాదెరియన్'. 'కలిసి' అను నర్థము గల 'టుగెదర్' అను పదము దీనికి జ్ఞాతి. కావున ఒక్కచోటికి చేరుట, చేర్చుట దీని ప్రధానార్థము. పూవులైనను, ధనమైనను, జనమైనను ఒక్కచోట చేరినచో ఆంగ్లమున 'గాదర్' చెల్లును. దాని దృష్టి ఫలముమీదనే నిలుచును.

తెలుగు త్రోవ వేరు. చేరకమునుపు వస్తువు ఎట్లుండెనో, ఏ విధముగా చేరెనో మన క్రియలు తెలుపును. తొడిమతో త్రుంచునపుడు పూలను 'కోయుదుము'. నేల రాలిన కాయలను 'ఏరుదుము'. కళ్ళమున చెదరిన గింజలను 'ప్రోగుచేయుదుము'. ధనమును కొంచెము కొంచెముగా 'కూడబెట్టుదుము'. జనులు 'గుమిగూడుదురు', మబ్బులు 'కమ్మును'. బండి వేగము 'పుంజుకొనును'. పుంజమనగా ప్రోగే గదా! 'ఏరు' అనుటలో ఒక్కొక్కటిగా తీయుట ముఖ్యము. అందువలననే బియ్యములోని రాళ్ళను గూడ ఏరుదుము. అచట తొలగించుటయే ప్రయోజనము గాన 'గాదర్' చెల్లదు.

శిస్తు విషయమునను అది చెల్లదు, 'కలెక్ట్' అనవలెను. 1772లో వారన్ హేస్టింగ్స్ కాలమున వంగదేశమున ఏర్పడిన 'కలెక్టరు' పదవికి శిస్తు వసూలును బట్టియే ఆ పేరు కలిగినది.

ఇక, విన్నదానినిబట్టి ఊహించుట యను మరియొక యర్థము కలదు. 'అతడు రాడని గ్రహించితిని' అనవలసినచోట 'సేకరించితిని' అన్నచో నవ్వులపాలగుదుము. లాటినునందలి 'కొలిగెరె' క్రియకును చేర్చుట, ఊహించుట అను రెండర్థములు కలవు. మన 'సంగ్రహించు', 'గ్రహించు' పదములును ఏకధాతుజన్యములే. చేతితో కూర్చుటకును బుద్ధితో కూర్చుటకును గల యీ సంబంధము గమనింపదగినది.

'సేకరించు' దోషపదము కాదు. తాళపత్రప్రతులకు, చందాలకు, సమాచారమునకు అది తగును. అన్నిచోట్లను దానినే నిలిపినచో కోయుట, ఏరుట, కూడబెట్టుట అను భేదములు క్రమముగా వ్రాతనుండి తొలగిపోవును. కావున ద్విభాషానిఘంటువులు పర్యాయపదములను వరుసగా పేర్చి యూరకుండక, ఏ క్రియకు ఏది కర్మయో, ఏది కర్తయో ఉదాహరణముతో చూపవలెను. బోధకులును తరగతిలో ముందుగా 'చేరినదేమి? ఎచటనుండి? ఎట్లు?' అని ప్రశ్నించినచో, తగిన తెలుగు క్రియ విద్యార్థికి తనంతట తానే స్ఫురించును.