బూస్టర్‌తో మనకు గీతలు, ఊరికి గోల

అపోహ: డాబా మీద సిగ్నల్ బూస్టర్ పెట్టుకుంటే ఇంట్లో నెట్‌వర్క్ బాగుపడుతుంది, ఎవరికీ నష్టం లేదు.

వాస్తవం: నష్టం ఉంది, అది పక్కవాళ్లకు. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ డాబాల మీద చేప వెన్నుముల్లులా ఉండే యాంటెన్నా, దాని నుంచి కిటికీలోకి దిగిన నల్ల కేబులు, గదిలో చిన్న తెల్లడబ్బా చూస్తూనే ఉన్నాం. ఆ డబ్బాకు మాటకూ రొదకూ తేడా తెలియదు. రెండింటినీ పెంచి టవర్ మీదికి పంపుతుంది. డాబా మీది యాంటెన్నా, గదిలోని యాంటెన్నా దగ్గరగా ఉంటే, పెళ్లి పందిట్లో స్పీకరు ముందు మైకు పెడితే కూసినట్టు అదీ కూస్తుంది. ఆ కూత టవర్ చెవిలో పడుతుంది. అప్పుడు దూరంగా ఉన్న ఫోన్ల సన్నటి సిగ్నల్ టవర్‌కు వినపడదు.

దూరంగా ఉండేది ఎవరు? కొల్లేటి చెరువు గట్టు మీద కాపలా మనిషి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే రైతుకు ఫోన్ చేస్తాడు. అతని ఫోన్లో గీతలు నిండుగానే ఉంటాయి, కాల్ మాత్రం కలవదు. ఫోన్‌కు టవర్ ఎంత గట్టిగా వినిపిస్తోందో చెప్పేవే ఆ గీతలు. టవర్‌కు మన మాట వినిపిస్తోందో లేదో అవి చెప్పవు.

చట్టం సంగతి కూడా ఎన్నిసార్లు చెప్పాలి? లైసెన్సు లేకుండా ఇలాంటి రేడియో పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టమే చెప్పింది. అమ్మేవాడు చెప్పలేదన్నది సాకు కాదు. వైఫై ఎక్స్‌టెండర్ వేరు, దానికి లైసెన్సు అక్కర్లేదు.

అపోహ: 5 గిగాహెర్ట్జ్ వైఫై అంటే 5జీ.
వాస్తవం: పేరులో 5 తప్ప పోలికే లేదు. పైగా అది 2.4 కంటే గోడలు దాటడంలో బలహీనం.

అపోహ: టవర్ వస్తే జబ్బులొస్తాయి.
వాస్తవం: మన టవర్ల రేడియేషన్‌కు 2012 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే అనుమతి. టవర్‌ను అడ్డుకుని సిగ్నల్ లేదనడం న్యాయం కాదు.

అపోహ: వానొస్తే నెట్ పోతుంది.
వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. ఇంట్లో వైఫైని వాన ఏమీ చేయదు. కానీ గాలివానకు కరెంటు పోయి టవర్ బ్యాటరీ అయిపోతుంది. టవర్ నుంచి టవర్‌కు మైక్రోవేవ్ లింకు ఉన్నచోట జోరువానకు అదీ నీరసిస్తుంది.

కాబట్టి డబ్బు పెట్టే ముందు ఈ పనులు చేయండి. రౌటర్‌ను ఇనప బీరువా చాటు నుంచి తీసి ఇంటి మధ్యలో, ఎత్తులో పెట్టండి. ల్యాప్‌టాప్‌కు కేబులు పెట్టి చూడండి. అప్పుడూ నెమ్మదిగా ఉంటే తప్పు వైఫైది కాదు, లైనుది. స్లాబు కింద ఫోన్ అందకపోతే సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సౌకర్యం తెచ్చాయి. అప్పటికీ కుదరకపోతే 198కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.

మీ డాబా మీద బూస్టర్ ఉంటే ఈరోజే దించేయండి. గట్టు మీది మనిషి కాల్ కలవాలి.