పాత ఫిల్మ్ కెమెరా: బ్యాటరీ లేకున్నా ఎలా పనిచేస్తుంది? మీ బీరువాలో ఉంటే ముందు ఇది చూడండి!

నాలుగేళ్లు వాడితే స్మార్ట్‌ఫోన్ బ్యాటరీ డల్ అయిపోతుంది. కానీ 40 ఏళ్ల కిందటి ఫిల్మ్ కెమెరా ఇప్పటికీ టక్‌మని ఫొటో తీసేస్తోంది.. అదీ ఛార్జింగ్ లేకుండానే! అందుకే నాన్నల కాలం నాటి కెమెరాలను ఇప్పటి కుర్రాళ్లు దుమ్ము దులిపి మళ్లీ మెడలో వేసుకుంటున్నారు. ఇంతకీ వాటిలో ఏముంది?

అంతా స్ప్రింగ్ మహిమే

పైనున్న లివర్ లాగగానే రీలు ఒక ఫ్రేమ్ ముందుకు జరుగుతుంది. అప్పుడే లోపలి స్ప్రింగ్ బిగుసుకుంటుంది. బటన్ నొక్కితే ఆ బలంతోనే షట్టర్ తెరుచుకుని మూసుకుంటుంది. కీ ఇచ్చే గడియారం లాగే అన్నమాట. 1982లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం2లో షట్టర్ ఇలాగే సెకనులో 4000వ వంతు వేగంతో పనిచేసేది. అందులో బ్యాటరీ ఉన్నది వెలుతురు కొలిచే మీటర్ కోసమే. 1984లో పాకిస్థాన్‌లోని శరణార్థి శిబిరంలో స్టీవ్ మెక్‌కరీ తీసిన ‘అఫ్గాన్ గర్ల్’ ఫొటో ఈ మోడల్‌తో తీసిందే.

మీటర్ పోతే ఎలా?

పాత ఫొటోగ్రాఫర్ల లెక్క ఒకటుంది. మంచి ఎండలో అపర్చర్ 16 పెట్టాలి. ఐఎస్ఓ 100 రీలైతే షట్టర్ 125. అంతే!

ఎందుకింత మోజు?

రీలుకు 36 ఫొటోలే. రీలు కొనాలి, కడిగించాలి.. ప్రతి క్లిక్కూ ఖర్చే. అందుకే బటన్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతాం. ఆ ఆగడమే చాలామందికి నచ్చుతోంది. గిరాకీ చూసి లైకా కంపెనీ 2022లో తన పాత ఎం6ను మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది.

మీ ఇంట్లో ఉందా? ఇవి గుర్తుంచుకోండి

* వెంటనే వెనక మూత తీయొద్దు! ముందు రీలు చుట్టే నాబ్‌ను బాణం గుర్తు వైపు మెల్లగా తిప్పండి. బిగువుగా అనిపిస్తే లోపల రీలు ఉన్నట్టే. వెలుతురు తగిలితే అందులోని ఫొటోలు పోతాయి. ఫిల్మ్ కడిగే ల్యాబ్‌కు ఇవ్వండి. అమ్మానాన్నల పాత ఫొటో దొరకొచ్చేమో!

* రీలు లేదని తేలితే మూత తీసి, షట్టర్ ‘1’ మీద పెట్టి నొక్కండి. సుమారు ఒక సెకను తెరుచుకుని మూసుకోవాలి. ఇరుక్కుపోతే లోపలి ఆయిల్ ఎండిపోయి ఉండొచ్చు. సర్వీసింగ్‌తో బాగయ్యే అవకాశం ఎక్కువ. మీరు మాత్రం నూనె వేయకండి.

* తేమకు లెన్స్‌లో ఫంగస్ పడుతుంది. లెదర్ కవర్‌లో కాకుండా సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో దాచండి.