ఫార్మాట్ కొట్టించే ముందు

కంప్యూటర్ కాస్త మొరాయిస్తే చాలు, ‘ఫార్మాట్ కొట్టించెయ్యండి, అంతా సెట్ అయిపోతుంది’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొన్నిసార్లు అది సరైన సలహానే, చాలాసార్లు కాదు. ఏ లక్షణానికి ఏది కారణమో తెలిస్తే సగం సమస్యలు విండోస్ జోలికి పోకుండానే తీరతాయి. ఇంట్లో కంప్యూటర్ వాడేవాళ్లకు తరచూ వచ్చే సందేహాలు, వాటికి జవాబులు ఇవి.

కొన్న కొత్తలో చకచకా నడిచింది. ఇప్పుడెందుకింత స్లో?

కారణం కంప్యూటర్‌నే అడగవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. సిస్టం బాగా సతాయిస్తున్న సమయంలోనే దాన్ని చూడాలి. సీపీయూ పది, పదిహేను శాతం దగ్గరే ఉండి, డిస్క్ మాత్రం నూరు శాతం దగ్గర కదలకుండా కూర్చుంటే అనుమానించాల్సింది హార్డ్ డిస్క్‌ని. పాత ల్యాప్‌టాప్‌ల డిస్కుల్లో పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటి మీద ఒక సన్నని చేయి అటూ ఇటూ జరుగుతూ ఫైళ్లను వెతుకుతుంది. విండోస్ ఆన్ అయ్యేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి కాబట్టి ఆ చేయి ఊపిరి సలపకుండా పరిగెడుతుంది. కొత్త రకం డిస్క్ అయిన ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అలాంటి ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయిస్తే వచ్చే మార్పు ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా రాదు.

అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ కూడా 90 శాతం దాటి ఉంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ర్యామ్ నిండితే విండోస్ పనిని కొంత డిస్క్ మీదకు నెడుతుంది, దాంతో డిస్క్ కూడా నూరు చూపిస్తుంది. అందుకే రెండు అంకెలూ కలిపి చూడాలి. ఈరోజుల్లో 4 జీబీ ర్యామ్‌తో బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరవడమే కష్టం. కనీసం 8 జీబీ ఉండాలి.

మరి ఫార్మాట్ చేశాక కొన్నాళ్లు బాగానే నడుస్తుంది కదా?

నడుస్తుంది. వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి, డిస్క్ ఖాళీ అవుతుంది. కొన్ని నెలల్లో ఆ ప్రోగ్రాములన్నీ మళ్లీ వచ్చి చేరతాయి, కథ మొదటికొస్తుంది. వాటిలో చాలావరకు మనం పిలవకుండానే కంప్యూటర్‌తో పాటు లేచి కూర్చునే రకం. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ యాప్స్ అనే పేజీ ఉంది. అక్కర్లేని పేరు మీద రైట్ క్లిక్ చేసి డిజేబుల్ అంటే సరి. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, మనం తెరిచినప్పుడే తెరుచుకుంటుంది. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్‌కు సంబంధించిన పేర్లను మాత్రం ముట్టుకోవద్దు. సి డ్రైవ్‌లో ఖాళీ లేకపోతే అప్‌డేట్లు ఆగిపోతాయి, కాబట్టి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మీద ఓ కన్నేసి ఉంచండి.

ఫ్యాన్ హోరుమంటోంది, ఉన్నట్టుండి ఆగిపోతోంది. వైరసా?

ముందు దుమ్మును అనుమానించండి. ప్రాసెసర్ వేడిని బయటికి పంపే రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే గాలి ఆడదు. వేడి పెరిగితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, హద్దు దాటితే కాలిపోకుండా సిస్టం ఆగిపోతుంది. వేసవిలో ఈ బాధ ఎక్కువ. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడితే అడుగున గాలి పీల్చుకునే కంతలు మూసుకుపోతాయి.

డెస్క్‌టాప్‌ను ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చు. కరెంటు తీగ పీకేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టి, పక్క మూత తీయండి. ఫ్యాన్ రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని మెత్తటి బ్రష్‌తోనో, బ్లోయర్‌తోనో దుమ్ము వదిలించండి. గాలి వేగానికి ఫ్యాన్ విపరీతంగా తిరిగితే బేరింగ్ దెబ్బతింటుంది. ఏళ్లు గడిచిన మెషీన్‌లో ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు, దాన్ని మార్పించాలి.

ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతోంది, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. విండోస్ పాడైందా?

లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి బ్యాటరీ ఒకటి ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. ఎక్కువ డెస్క్‌టాపుల్లో సీఆర్ 2032 అనే 3 వోల్టుల రకం ఉంటుంది. అది అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి గనుక తప్పుడు తేదీ చూసి బ్రౌజర్ వాటిని నమ్మదు. ఈ జబ్బుకు ఎన్ని ఫార్మాట్లు కొట్టినా ఫలితం ఉండదు. బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

అయితే విండోస్‌ను మళ్లీ ఎక్కించక తప్పని సందర్భాలేవి?

వైరస్ ఎంత తుడిచినా తిరిగొస్తున్నప్పుడు, సిస్టం ఫైళ్లు పాడై విండోస్ సొంత మరమ్మతులకు లొంగనప్పుడు, అసలు బూటే కానప్పుడు, కొత్త ఎస్ఎస్‌డీ వేసినప్పుడు, కంప్యూటర్‌ను వేరొకరికి ఇచ్చేస్తున్నప్పుడు. ఒక్క జాగ్రత్త. డిస్క్ నుంచి టక్‌టక్‌మని చప్పుడు వస్తోందంటే అది చావుబతుకుల్లో ఉంది. దాన్ని ఫార్మాట్ చేయడం కాదు, ముందు అందులోని ఫైళ్లను బయటికి తీయాలి.

ముందుగా ఏమేం దాచుకోవాలి? నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయిగా!

చాలామంది దెబ్బతినేది ఈ ధీమాతోనే. సి, డి చాలా ఇళ్లలో ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. డిస్క్ పోతే రెండూ పోతాయి. పైగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఉండేది మామూలుగా సి డ్రైవ్‌లోనే. వ్యాపారులు టాలీ డేటా ఫోల్డర్ ఎక్కడుందో ప్రోగ్రాంలోనే చూసుకుని బ్యాకప్ తీసుకోవాలి. బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు ఖాతాకు సింక్ అయ్యాయో లేదో చూసుకోవాలి.

డీటీపీ చేసేవాళ్లకు ఇంకొకటి. అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. కొత్త విండోస్‌లో ఆ ఫాంట్లు లేకపోతే పెళ్లి శుభలేఖ కాస్తా ఇంగ్లిష్ అక్షరాల గందరగోళంలా కనిపిస్తుంది. ఫాంట్లను, వాటి ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను, కీని భద్రపరచుకోండి.

ల్యాప్‌టాప్‌లలో తెలియకుండానే బిట్‌లాకర్ తాళం పడి ఉండొచ్చు. దాని రికవరీ కీ 48 అంకెలది. సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. చూసి కాగితం మీద రాసుకోండి. అది లేకపోతే తర్వాత డి డ్రైవ్ కూడా తెరుచుకోకపోవచ్చు.

ఇవన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, ఆ డిస్క్‌ను పీకి పక్కన పెట్టాకే అసలు పని మొదలుపెట్టాలి.

ఎక్కించడం ఎలా?

రెండు దారులున్నాయి. విండోస్ ఆన్ అవుతుంటే సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘రీసెట్ దిస్ పీసీ’ ఎంచుకోవడం సులువు. ‘కీప్ మై ఫైల్స్’ అంటే మీ ఫైళ్లు ఉంటాయి, మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ అంటే రెండూ పోతాయి. క్లౌడ్ డౌన్‌లోడ్ ఎంచుకుంటే సుమారు 4 జీబీ డేటా ఖర్చవుతుంది, కానీ పాడైన పాత ఫైళ్ల మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు.

రెండోది క్లీన్ ఇన్‌స్టాల్. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ సైట్‌లో దొరికే మీడియా క్రియేషన్ టూల్‌తో బూటబుల్ చేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి చెరిగిపోతాయి. కంప్యూటర్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కాలి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9. తర్వాత వచ్చే పేజీల్లో ఒక్కచోట మాత్రం ఆగి ఆలోచించాలి. విండోస్ ఎక్కడ వేయాలో అడుగుతూ పార్టిషన్ల జాబితా చూపిస్తుంది. అక్కడ సి, డి అని పేర్లుండవు, సైజులే ఉంటాయి. మీ సి డ్రైవ్ సైజు ముందే రాసుకుంటే తప్పు పార్టిషన్ చెరపకుండా బయటపడతారు. అయ్యాక విండోస్ అప్‌డేట్ నడపండి, చాలా డ్రైవర్లు దానితోనే వచ్చేస్తాయి. వైఫై పని చేయకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి. భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చితే కీబోర్డు వస్తుంది.

ప్రొడక్ట్ కీ ఎక్కడ తేవాలి?

విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్‌కు మళ్లీ కొనక్కర్లేదు. విండోస్ 8 కాలం నుంచి కంపెనీలు ఆ కీని మదర్‌బోర్డులోని చిప్‌లోనే పెట్టి ఇస్తున్నాయి. కీ అడిగినప్పుడు ‘నా దగ్గర లేదు’ అని ముందుకెళ్లి, ముందున్న ఎడిషన్‌నే ఎంచుకుంటే నెట్ కలవగానే యాక్టివేట్ అవుతుంది. ఇది తెలియక, హోమ్ లైసెన్సు ఉన్న ల్యాప్‌టాప్‌లో దొంగ ప్రో వేయించుకునేవాళ్లున్నారు. యాక్టివేటర్ పేరుతో దొరికే ప్రోగ్రాములు ముందుగా విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపమంటాయి. కాపలాదారును పంపించేసి తలుపు తీయమనే ప్రోగ్రాంను నమ్మకూడదు.

పాత కంప్యూటర్‌లో విండోస్ 10 ఉంది. దాన్నే మళ్లీ వేయొచ్చా?

వేయొచ్చు కానీ 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలంతో పాటు ఆమోదిత ప్రాసెసర్ కావాలి. అవి లేని మెషీన్‌కు విండోస్ బదులు లినక్స్ మింట్ మంచి దారి. డిస్క్‌ను ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. టాలీ, అను వాడకం తప్పనివాళ్లు మాత్రం విండోస్‌లోనే ఉండాలి.

విండోస్ పోతే గంటలో మళ్లీ వస్తుంది, పిల్లల ఫొటోలు పోతే రావు. కాబట్టి సిస్టం బాగా నడుస్తున్న రోజునే వాటికి ఇంకో కాపీ తీసి పెట్టుకోండి.