ఒక డిష్ – అయిదు భవనములు

1975 ఆగస్టు 1వ తేదీన మన దేశమున ఒక క్రొత్త ప్రయోగము ప్రారంభమయ్యెను. అమెరికా వారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమునుండి ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు నేరుగా చేరెను. ఆంధ్రప్రదేశ్ గ్రామములును వానిలో కలవు. ఏడాదిపాటు సాగిన ఈ ప్రయోగమునకు ‘సైట్’ అని పేరు. ఊరిలో పదిమంది చేరు తావున మూడు మీటర్ల వెడల్పుగల తీగవల డిష్ ఒకటి, టెలివిజన్ పెట్టె ఒకటి ఉండెడివి. ఊరంతయు ఆ పెట్టె ముందు కూర్చుండెడిది. ఒక డిష్, ఒక పెట్టె, లెక్క తేలిక.

నేటి చిక్కు వేరు. పల్లెటూరి గురుకుల పాఠశాల ఒకదానిని తలచుకొనవచ్చును. అయిదారు ఎకరముల ఆవరణ. ఒక అంచున తరగతి గదుల భవనము. దానికి 40 మీటర్ల దూరమున వసతిగృహము, 60 మీటర్ల దూరమున భోజనశాల, 90 మీటర్ల దూరమున ఉపాధ్యాయుల ఇండ్లు, 150 మీటర్ల దూరమున బావిప్రక్క కావలివాని గది కలవు. అయిదు తావులకును అయిదు డిష్‌లు ఏల? బడి మేడపై ఒకటి నిలిపి, నీళ్ల ట్యాంకునుండి గొట్టములు లాగినట్లు అన్ని తావులకు తీగలు లాగిన చాలదా?

చాలదు. అందులకు మూడు కారణములు కలవు. మొదటి రెండును విస్మరించిన బొమ్మ రాదు. మూడవది విస్మరించిన ప్రాణమునకే ముప్పు.

డిష్‌కు ఎత్తు అక్కరలేదు

ముందుగా డిష్ ఉండవలసిన చోటును గూర్చి తెలిసికొనవలెను. ప్రసార ఉపగ్రహములు భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండి, భూమితో సమముగా తిరుగుచు, మనకు కదలనట్లు కనిపించును. అంత దూరమునుండి వచ్చు తరంగమునకు మేడ ఎత్తు ఒక లెక్కలోనిది కాదు. డిష్‌కు కావలసినది ఉపగ్రహమువైపు అడ్డులేని ఆకాశము మాత్రమే.

2015 నవంబరులో ప్రయోగించిన మన జీశాట్-15 ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నిలిచినది. హైదరాబాదునుండి చూచినచో అది ఇంచుమించు ఆగ్నేయ దిక్కున, క్షితిజమునకు సుమారు 63 డిగ్రీల ఎత్తున ఉండును. 63 డిగ్రీల టాంజెంటు విలువ సుమారు 2. కావున అడ్డుగానున్న గోడ ఎంత ఎత్తున్నదో అందులో సగమునకు మించిన దూరమున డిష్‌ను నిలిపిన చాలును. మూడు మీటర్ల గోడకు ఒకటిన్నర మీటరు కంటె ఎక్కువ దూరము, పదునైదు మీటర్ల కొబ్బరిచెట్టుకు ఎనిమిది మీటర్ల దూరము సరిపోవును. అయితే చెట్టు పెరుగునని మరువరాదు.

ఇందువలన రెండు లాభములు కలవు. డిష్‌ను ఆవరణకు నడుమ, నేలపై పాతిన పొట్టి స్తంభమునకు బిగింపవచ్చును. తీగల పొడవు తగ్గును. ఎత్తయిన కొనపై ఉండదు గనుక పిడుగు దానిపై పడు అవకాశమును తగ్గును.

ఒక తీగలో నాలుగవ వంతే

డిష్ ఒక పుటాకార దర్పణము. అది తరంగములను ఒక్క తావున చేర్చును. అచ్చట చేతిలో ఇమిడెడి చిన్న పరికరముండును. దానినే ఎల్‌ఎన్‌బి అందురు. సైట్ తరంగముల పౌనఃపున్యము 860 మెగాహెర్ట్జులు, తరంగదైర్ఘ్యము సుమారు 35 సెంటీమీటర్లు. నేడు ఇంటి డిష్‌లకు వచ్చు తరంగముల పౌనఃపున్యము 10,700 మొదలు 12,750 మెగాహెర్ట్జుల వరకు ఉండును. తరంగదైర్ఘ్యము రెండున్నర సెంటీమీటర్లకు అటునిటు. తరంగము పొట్టిదైన కొలది చిన్న డిష్ సరిపోవుటకు వీలు కలిగినది. కాని ఇంత హెచ్చు పౌనఃపున్యముగల సంకేతము మామూలు కేబులులో దూరము పోజాలదు. కావున ఎల్‌ఎన్‌బి దానిని 950 మొదలు 2150 మెగాహెర్ట్జుల నడిమికి దించి కేబులులోనికి పంపును.

ఇక్కడనే మొదటి చిక్కు. ఒక తాడును పైకి క్రిందికి ఊపవచ్చును, ప్రక్కలకును ఊపవచ్చును. అట్లే ఉపగ్రహము నిలువు ధ్రువణముతో కొన్ని చానళ్లను, అడ్డ ధ్రువణముతో మరికొన్నింటిని పంపగలదు. ఒక్కొక్క ధ్రువణమునందు దిగువ పట్టీ, ఎగువ పట్టీ అని రెండు భాగములు. వెరసి నాలుగు కట్టలు. కేబులులో ఒక సమయమున ఒక కట్టకే చోటు కలదు.

ఏ కట్ట కావలెనో సెట్‌టాప్ బాక్సు అదే కేబులు ద్వారా ఎల్‌ఎన్‌బికి ఆజ్ఞ పంపును. 13 వోల్టులు పంపిన నిలువు ధ్రువణము, 18 వోల్టులు పంపిన అడ్డ ధ్రువణము. వానితోపాటు 22 కిలోహెర్ట్జుల స్వరమును కలిపిన ఎగువ పట్టీ. ఇప్పుడు ఒకే ఎల్‌ఎన్‌బి నుండి విభాజకము ద్వారా రెండు భవనములకు తీగలు పోయినవనుకొనుడు. వసతిగృహమువారు 13 వోల్టులు, ఉపాధ్యాయుల ఇంటివారు 18 వోల్టులు పంపిరి. 18 వోల్టులదే పైచేయి. ఇంటిలో బొమ్మ వచ్చును, వసతిగృహమున మాయమగును. పరికరము చెడినదని తలచి మెకానిక్కును పిలుతురు గాని చెడినదేదియు లేదు. ఇద్దరు యజమానుల ఆజ్ఞలను ఒక్క సేవకుడు ఒకేసారి నెరవేర్చలేకపోవుటయే కారణము.

దీనికి పరిష్కారము నాలుగు మార్గముల ఎల్‌ఎన్‌బి. దానిని క్వాట్రో అందురు. నాలుగు కట్టలను నాలుగు కేబుళ్లలో అది ఎల్లప్పుడును పంపుచుండును. ఆ నాలుగును మల్టీస్విచ్ అను పెట్టెలో చేరును. అక్కడనుండి ఒక్కొక్క సెట్‌టాప్ బాక్సుకు ఒక్కొక్క కేబులు పోవును. ఎవరి ఆజ్ఞ ప్రకారము వారికి కావలసిన కట్టను మల్టీస్విచ్ అందించును.

కొనుటకు ముందు ఒక మాట విచారింపవలెను. కావలసిన చానళ్లన్నియు ఒకే కట్టలో ఉన్నచో సామాన్య విభాజకమే చాలును. అన్ని భవనములవారును ఒకే పాఠమును ఒకే సమయమున చూడదలచినచో ఒక్క సెట్‌టాప్ బాక్సు, ఒక మాడ్యులేటరు సరిపోవును. బాక్సునుండి వచ్చిన బొమ్మను మాడ్యులేటరు సాధారణ టెలివిజన్ చానలుగా మార్చి అన్ని పెట్టెలకు పంపును. అవసరమెరిగి కొనుటయే పొదుపు.

దూరము మ్రింగు శక్తి

రెండవ కారణము దూరము. సంకేతముల నష్టమును డెసిబెళ్లలో కొలుతురు. 3 డెసిబెళ్ల నష్టమనగా శక్తి సగమగుట. 10 అనగా పదవ వంతగుట. 30 అనగా వేయవ వంతగుట. సాధారణముగా వాడు ఆర్‌జి-6 కేబులులో, 2150 మెగాహెర్ట్జుల వద్ద, 100 మీటర్లకు సుమారు 30 డెసిబెళ్ల నష్టము కలుగును. అనగా వంద మీటర్లు పోవునప్పటికి వేయింట ఒక వంతే మిగులును.

పైన చెప్పిన పాఠశాలకే లెక్క వేయవచ్చును. మల్టీస్విచ్ బడి భవనమునందే ఉన్నదనియు, అచ్చట మీటరు 75 చూపుచున్నదనియు అనుకొనిన, సెట్‌టాప్ బాక్సుకు కనీసము 47 కావలెను. దారిలో 28 డెసిబెళ్ల వరకే పోగొట్టుకొనవచ్చును. వసతిగృహము వరకు నష్టము 12, భోజనశాల వరకు 18, చింతలేదు. ఉపాధ్యాయుల ఇండ్లకు 27, అంచుమీద నడక. కావలివాని గదికి 45, బొమ్మ రాదు. లావైన ఆర్‌జి-11 కేబులు వాడిన 100 మీటర్లకు నష్టము సుమారు 20కి తగ్గును. అప్పటికిని 150 మీటర్లకు 30 అగును గనుక ఆంప్లిఫయరు తప్పదు.

ఆంప్లిఫయరును బొమ్మ చెడిన చోట, అనగా తీగ చివర, బిగించుట పొరపాటు. అది సంకేతముతోపాటు దానిలో కలిసిన రొదను కూడ పెంచును. సంకేతము ఇంకను బలముగా ఉన్న చోటనే, డిష్‌కు దగ్గరగా దానిని ఉంచవలెను. డిష్‌ను, మల్టీస్విచ్‌ను ఆవరణ నడుమకు మార్చినచో మిక్కిలి దూరపు తీగ సుమారు సగమగును, ఆంప్లిఫయరే అక్కరలేకపోవచ్చును.

భూమికిని భూమికిని భేదము

మూడవ కారణము కంటికి కనిపించదు. ప్రతి భవనమునకును విద్యుత్తు ఎర్తు వేరుగా ఉండును. ఎర్తు అనగా సున్న వోల్టులని పుస్తకములందు చదువుదుము. అది అన్ని చోట్ల, అన్ని వేళల నిజము కాదు. బడి దగ్గర 20,000 ఆంపియర్ల పిడుగు పడినదనియు, అచ్చటి ఎర్తు నిరోధము 10 ఓములనియు అనుకొనవచ్చును. ఓం నియమము ప్రకారము ఆ క్షణమున అచ్చటి ఎర్తు, దూరపు నేలతో పోల్చిన, 2 లక్షల వోల్టులకు పెరుగును. 150 మీటర్ల అవతల కావలివాని గది ఎర్తు ఇంచుమించు తొల్లింటివలెనే ఉండును. రెండింటిని కలుపుచు కేబులుపై రాగి లేక అల్యూమినియపు అల్లిక ఉన్నది. ఆ విద్యుత్తు అల్లిక వెంబడి గదిలోని టెలివిజన్ పెట్టెలోనికి దూకును. పిడుగు పడినది బడి దగ్గర. దెబ్బ తగులునది గదిలో పెట్టెపై చేయి వేసిన వానికి. న్యూట్రల్ తీగ వదులైనను ఈ అల్లికలోనే విద్యుత్తు ప్రవహించి, కనెక్టరు విప్పువానికి షాకు తగులవచ్చును.

కావున డిష్ స్తంభమును, మల్టీస్విచ్‌ను ప్రధాన ఎర్తుకు కలుపవలెను. ప్రతి భవనమున కేబులు ప్రవేశించు చోటనే దాని అల్లికను ఆ భవనపు ఎర్తుకు కలిపి, సర్జ్ రక్షకము నిలుపవలెను. ఈ పని అర్హతగల ఎలక్ట్రీషియను చేతనే జరుగవలెను. ఇంత చేసినను నేరుగా పడు పిడుగును ఏ రక్షకమును ఆపజాలదు. మబ్బు పట్టి ఉరుము వినబడుటకు ముందే ప్లగ్గును, కేబులును ఊడదీయవలెను. ఉరుములు ప్రారంభమైన పిదప వానిని తాకరాదు.

గాజుపోగు

మూడు చిక్కులకును ఒకేసారి విరుగుడు కలదు. అది గాజుపోగు కేబులు, అనగా ఆప్టికల్ ఫైబరు. దీనికి తగిన ఎల్‌ఎన్‌బి నాలుగు కట్టలను ప్రక్కప్రక్కన పేర్చి, కాంతిగా మార్చి, వెంట్రుకవంటి ఒక్క పోగులోనికి పంపును. కిలోమీటరు పోయినను నష్టము అర డెసిబెల్ కంటె తక్కువ. ప్రతి భవనమునందు ఒక మార్పిడి పెట్టె ఆ కాంతిని తిరిగి విద్యుత్ సంకేతముగా మార్చును. అన్నిటికంటె ముఖ్యము, గాజు విద్యుద్వాహకము కాదు. ఒక భవనపు ఎర్తుకును మరియొక భవనపు ఎర్తుకును నడుమ లోహబంధమే ఉండదు.

ఒక జాగ్రత్త అవసరము. కొన్ని గాజుపోగు కేబుళ్లకు బలము కొరకు ఉక్కుతీగ చేర్చుదురు. అది ఉన్నచో తప్పించిన ప్రమాదము తిరిగి వచ్చును. లోహము ఏమాత్రము లేని రకమునే కోరి కొనవలెను. పోగు చివర కంట పెట్టి చూడరాదు. అందలి పరారుణ కాంతి కనబడకయే కంటికి హాని చేయగలదు. దీనికి ఖర్చు హెచ్చు. కాబట్టి దగ్గరి భవనములకు రాగి, దూరపువానికి గాజుపోగు అను పద్ధతి అనేక ఆవరణలకు అనుకూలము.

ఈ పనిలో పదవ తరగతి పాఠములెన్నో కలిసియున్నవి: పుటాకార దర్పణము, టాంజెంటు, ఓం నియమము. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఆవరణ పటము గీయించి, భవనముల దూరములు కొలిపించి, ఆగ్నేయమున అడ్డులేని తావు వెదకించి, ప్రతి తీగకును నష్టము లెక్క వేయింపవచ్చును. ఆ కాగితము చేత బట్టుకొని అంగడికి పోయిన వానికి అక్కరలేని సరకు అంటగట్టుట ఎవరి తరము కాదు. దానిలో కావలివాని గదికి పోవు గీత ఒక్కటి రాగియా గాజా అని రెండుమారులు చూచుకొనవలెను.