కృత్యాధార తరగతి గది

కృత్యాధార తరగతి గది అంటే పిల్లలు వరుసల్లో కూర్చుని పాఠం వినడానికే కాక, జట్లుగా చేరి, వస్తువులను చేతితో పట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ నేర్చుకోవడానికి వీలుగా అమర్చిన గది. ఇది ఒక ప్రత్యేకమైన కట్టడం పేరు కాదు. ఉన్న గదినీ, వరండానూ, ఆవరణలోని చెట్టు నీడనూ పాఠం అవసరాన్ని బట్టి మార్చుకుంటూ వాడుకొనే పద్ధతి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోకి ఈ ఆలోచన 1980లలో ప్రవేశించింది. ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా నెల్లూరు సముద్ర తీర ప్రాంతానికి సంబంధించినవి.

పూర్వరంగం

వరుసల గది వినడానికి ఏర్పడినది. అందులో ఉపాధ్యాయుని స్థానం, నల్లబల్ల స్థానం మారవు. పిల్లవాడికి కనబడేది ముందు కూర్చున్న వాడి వీపు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1899లో వెలువడిన తన గ్రంథంలో ఒక అనుభవం చెప్పాడు. పిల్లలు పని చేసుకోవడానికి తగిన బల్లల కోసం ఆయన ఊరంతా తిరిగితే, తమ వద్ద ఉన్నవన్నీ వినడానికి పనికివచ్చే బల్లలేనని ఒక దుకాణదారు తేల్చి చెప్పాడట. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో ప్రారంభించిన శిశు గృహంలో పిల్లలే ఎత్తి జరుపుకోగల చిన్న కుర్చీలు, చేతికి అందే ఎత్తులో అరలు ఏర్పాటు చేసింది. ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది.

నెల్లూరు ప్రాంతానికి చేతిపని కొత్తది కాదు. ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీజీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించాడు. నూలు వడకడం ఆశ్రమ జీవితంలో భాగం. చేతివృత్తి ద్వారా చదువు చెప్పాలన్న బేసిక్ విద్యా విధానానికి 1937లో వార్ధా సమావేశం రూపమిచ్చింది. రాట్నం ముందు కూర్చున్న పిల్లవాడికి బెంచీ మీది చోటు చాలదు, నేల కావాలి. బోధన మారితే గది కూడా మారవలసి వస్తుందనడానికి ఇంతకంటే సులభమైన ఉదాహరణ లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం

బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో నడిచిన ఈ పథకాన్ని ఉపాధ్యాయులు 'అపెప్' అని పిలిచేవారు. 1980లలో ప్రయోగ దశ ముగిశాక 1989 నుంచి దీనిని రాష్ట్రమంతటికీ విస్తరించారు. గదుల నిర్మాణం, ఉపాధ్యాయ శిక్షణ రెండూ ఒకే పథకంలో ఉండడం దీని విశేషం. ఇందులో ఆరు బోధనా సూత్రాలున్నాయి. ఉపాధ్యాయుడు తానే కృత్యాలు తయారు చేయడం, పిల్లలు చేస్తూ, ప్రయోగాలు చేసి కనుగొంటూ నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, పూర్తి తరగతి కృత్యాలు నిర్వహించడం, పిల్లల మధ్య తేడాలను గమనించి నడవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని ప్రదర్శించి తరగతి గదిని ఆకర్షణీయంగా ఉంచడం.

చివరి సూత్రమే చాలా పాఠశాలలలో అందరికంటే ముందు అమలయింది. పిల్లలు గీసిన బొమ్మలను గోడ నుంచి గోడకు కట్టిన తాడు మీద వేలాడదీయడం సులువు, తనిఖీకి వచ్చిన వారికి కనబడుతుంది కూడా. జట్టు కృత్యం అంత సులువు కాదు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి అందరిచేతా ఒకే లెక్కను విడివిడిగా చేయిస్తే అది జట్టుగా కూర్చోవడమే గాని జట్టుగా పని చేయడం కాదు. జట్టు మధ్యలో పంచుకోవలసిన వస్తువు ఉండాలి. ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి, ఒకరు సరిచూడాలి.

తరువాత 1996లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపెప్) వచ్చింది. రాష్ట్రంలో అది మొదలైన తొలి 5 జిల్లాలలో నెల్లూరు ఒకటి. మిగిలినవి కరీంనగర్, వరంగల్, కర్నూలు, విజయనగరం.

నిచ్చెన పద్ధతి

గది అమరికనూ బోధననూ విడదీయరాని విధంగా కలిపిన పని మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో జరిగింది. చుట్టుపక్కల పల్లెలలోని ఏకోపాధ్యాయ పాఠశాలల కోసం రూపొందించిన ఈ విధానంలో పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ఒక్కొక్క కార్డు మీద ఒక గుర్తు ఉంటుంది. గోడ మీద నిచ్చెన ఆకారంలో ఉన్న పటంలో ఆ గుర్తులన్నీ వరుసగా ఉంటాయి. పిల్లవాడు తాను ఎక్కిన మెట్టు చూసుకుని, తరువాతి గుర్తు గల కార్డును అరలోంచి తానే తీసుకుని, ఆ పనికి తగిన జట్టులో కూర్చుంటాడు. ఒక జట్టుకు ఉపాధ్యాయుని సహాయం పూర్తిగా ఉంటుంది, ఒకదానికి కొంత ఉంటుంది, ఒక జట్టులో తోటి పిల్లలే సాయపడతారు, మరొకదానిలో ఎవరి పని వారిదే. కనుక గదిలో 'ముందు' అనే దిక్కు ఉండదు. ఉపాధ్యాయుడు నేల మీద జట్టుతో కూర్చుంటాడు.

చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలు 2003లో ఈ విధానాన్ని స్వీకరించాయి. 2007 నాటికి తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో ఇది అమలయింది. అక్కడ గోడ అడుగు భాగమంతా నల్లరంగు వేసి, ఒక్కొక్క పిల్లవాడికి కొంత జాగా కేటాయించారు. పిల్లల పనిని తగిలించడానికి తల పైన తీగలు కట్టారు. పెద్ద ఖర్చు లేని మార్పులివి.

తీర ప్రాంతంలో దీని అవసరం

వరుసల గది ఒక విషయాన్ని ముందే ఒప్పుకుని నడుస్తుంది: నిన్న వచ్చిన పిల్లలందరూ నేడు కూడా వచ్చారు, అందరూ ఒకే పుటలో ఉన్నారు. నెల్లూరు తీరంలో ఇది నిజం కాదు. వేట మంచిగా ఉన్న రోజులలో మత్స్యకార కుటుంబాల పిల్లలు గట్టున పనికి నిలిచిపోతారు. రొయ్యల చెరువుల కాపలాకు కుదిరిన యానాది కుటుంబాలు చెరువు మారితే నివాసమూ మారతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, వాయుగుండాలు. పది రోజుల తరువాత తిరిగి వచ్చిన పిల్లకు వరుసల గదిలో పాఠం దాటిపోయి ఉంటుంది. వెనుక బెంచీలో కొన్నాళ్ళు కూర్చుని ఆ పిల్ల బడి మానేస్తుంది. నిచ్చెన ఉన్న గదిలో ఆమె మెట్టు ఆమె కోసం అక్కడే ఉంటుంది.

కట్టడం విషయంలోనూ ఇక్కడి పరిస్థితి వేరు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీవ్ర తుఫానులు తీరం దాటాయి. తీర గ్రామాలలో స్తంభాల మీద ఎత్తుగా కట్టిన తుఫాను ఆశ్రయ భవనాలను మిగతా రోజులలో పాఠశాలలుగా వాడుకోవడం కోస్తా ఆంధ్రలో ఉన్న ఆనవాయితీ. కింది భాగం గోడలు లేకుండా ఉంటుంది కాబట్టి నీడ, గాలి రెండూ దొరికే పెద్ద కృత్యశాలగా అది పనికివస్తుంది. మధ్యాహ్నం తూర్పు నుంచి వచ్చే సముద్రపు గాలి గదిలోకి రావాలంటే తూర్పు, పడమర రెండు వైపులా కిటికీలుండాలి. నేల మీద కూర్చున్న పిల్లలకు కూడా ఆ గాలి తగలాలంటే కిటికీ అడుగు ఎత్తు తక్కువగా ఉండాలి. ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. స్లాబులోని కడ్డీలు ఉబ్బి పెచ్చులు ఊడతాయి. ఇనుప అరల కంటే కొయ్య అరలు, గోడలోనే కట్టిన గూళ్ళు మేలు.

బల్లల సమస్య

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన 'మన బడి నాడు–నేడు' తొలి దశలో 15,715 పాఠశాలలలో మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, ప్రహరీ గోడలు, విద్యార్థులకు బల్లలు సమకూర్చారు. నేల మీద గోనె పట్టా వేసుకుని కూర్చున్న తరాల తరువాత బల్ల రావడం గౌరవం కలిగించే విషయమే, కాదనరాదు. అయితే బల్ల, కూర్చునే పలక కలిసి ఉన్న డ్యూయల్ డెస్కులు గదిని మళ్ళీ వరుసలలోకి తెస్తాయి. ముప్పై చదరపు మీటర్ల గదిలో 30 మంది ఉంటే తలకు ఒక చదరపు మీటరే వస్తుంది. బల్లలు పరిచాక నడవడానికి దారి మాత్రమే మిగులుతుంది.

దీనికి ఉపాయాలు లేకపోలేదు. రెండు డెస్కులను ఎదురెదురుగా చేర్చితే నలుగురి జట్టు ఏర్పడుతుంది. పలక ఏటవాలుగా ఉంటే గవ్వలు, చింతపిక్కలు ఒళ్ళోకి జారతాయి కనుక పైన ఒక అట్ట పరచి, అంచుకు కింద ఎత్తు పెట్టి సమం చేసుకోవాలి. 1, 2 తరగతుల గదిలో సగం బల్లలు తీసివేసి చాపలు వేయడం అన్నింటికంటే మంచిది. తీసిన బల్లలను వరండాలో గోడ వెంబడి వేస్తే ప్రయోగాలకు, మట్టి పనికి వాడుకోవచ్చు.

గది కూడా ఉపకరణమే

కట్టడాన్నే బోధనోపకరణంగా మలిచే పద్ధతి 'బాలా' పేరుతో సర్వశిక్షా అభియాన్ కాలంలో దేశమంతటా ప్రచారంలోకి వచ్చింది. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తే తలుపే కోణమానిని అవుతుంది. మెట్లకు అంకెలు, కిటికీ కమ్మీలకు అక్షరాల ఆకారాలు, స్తంభానికి ఎత్తు కొలిచే గీతలు కూడా ఇటువంటివే. నెల్లూరు తీరంలో వీటికి కలుపుకోదగినవి మరికొన్ని ఉన్నాయి. వల కన్నులు లెక్కిస్తే గుణకారం వస్తుంది. ఆవరణలో ఒక చిన్న మడి చేసి ఉప్పునీరు నింపి ఎండబెడితే ఇసకపల్లి ఉప్పు కొటార్లలో జరిగే పని పిల్లల కళ్ళెదుట జరుగుతుంది. నీటిమట్టం రోజూ కొలిచి గోడ మీద రాస్తే అదే బాష్పీభవనం పాఠం. వెడల్పాటి పళ్ళెంలో పోసిన తడి ఇసుక అక్షరాలు దిద్దడానికి పలకగా పనికివస్తుంది. ఆ ఇసుకకు తీరంలో కొదవలేదు.